హంగేరీ ప్రతిపక్షానికి నిజంగా బలం ఉండేదా?

ప్రశ్న (విద్యార్థిని, కడప): నేను రాజనీతిశాస్త్రంలో పీజీ చదువుతున్నాను. 2010 నుంచి 2024 వరకు హంగేరీ ప్రతిపక్షం పాత్రపై సెమినార్ పేపర్ రాస్తున్నాను. విక్టర్ ఒర్బాన్ నాయకత్వంలోని ఫిదెస్ కూటమి 2010, 2014, 2018, 2022 ఎన్నికల్లో వరుసగా మూడింట రెండు వంతుల మెజారిటీ సాధించింది. అలాంటి సభలో ప్రతిపక్ష నాయకులు దేన్నైనా ఆపగలిగారా?

జవాబు (అనంతపురం): ఒకసారి ఆపగలిగారమ్మా, దాన్ని మీ పేపర్‌లో తప్పక చేర్చండి. 2015లో వెస్ప్రేమ్, తపోల్సా ఉప ఎన్నికల్లో ఓడిపోవడంతో ఫిదెస్ ఆ మెజారిటీ కోల్పోయింది. 2016 నవంబరులో ఐరోపా సమాఖ్య దేశాల మధ్య శరణార్థుల పంపిణీకి వ్యతిరేకంగా ఒర్బాన్ తెచ్చిన రాజ్యాంగ సవరణ, ప్రతిపక్షం కలిసిరాకపోవడంతో రెండే రెండు ఓట్ల తేడాతో వీగిపోయింది. అయితే 2018లో మెజారిటీ తిరిగి దక్కగానే అదే తరహా సవరణను ఆమోదింపజేసుకున్నారు.

అసలు చిక్కు ఎన్నికల చట్టంలో ఉంది. మన రాష్ట్రంలో 2019లో ఒక పార్టీకి, 2024లో మరో పార్టీకి దాదాపు 39 శాతం చొప్పున ఓట్లు వచ్చినా, 175 స్థానాల్లో దక్కినవి వరుసగా 23, 11 మాత్రమే. హంగేరీలో 199 స్థానాల్లో 93 పార్టీలకు పడ్డ ఓట్ల నిష్పత్తిలో వాటి జాబితాల ద్వారా భర్తీ అవుతాయి కనుక ఈ అన్యాయం తగ్గాలి. కానీ 2011 నాటి చట్టం ఓడిన అభ్యర్థుల ఓట్లను వారి పార్టీల జాబితాలకు కలపడంతో పాటు, గెలిచిన అభ్యర్థికి అవసరానికి మించి వచ్చిన ఓట్లను కూడా అతని పార్టీ జాబితాకే కలిపింది. తొలి విడతలో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే జరిగే రెండో విడత పోలింగును కూడా రద్దు చేయడంతో, చీలిపోయిన ప్రతిపక్షానికి తొలి విడత తర్వాత చేతులు కలిపే వీలు లేకుండా పోయింది. అందుకే 2014లో సుమారు 45 శాతం ఓట్లకే ఫిదెస్‌కు 133 స్థానాలు వచ్చాయి.

జవాబు (కర్నూలు): సభ బయట కూడా చూడండి. 2017లో మొమెంటమ్ అనే యువజన బృందం రెండున్నర లక్షలకు పైగా సంతకాలు సేకరించగా, బుడాపెస్ట్ 2024 ఒలింపిక్స్ పోటీ నుంచి తప్పుకుంది. 2019లో ప్రతిపక్షాలన్నీ ఏకమై గెర్గెయ్ కరాచోనీని బుడాపెస్ట్ మేయరుగా గెలిపించాయి. మరుసటి ఏడాదే కోవిడ్ నిధి పేరుతో స్థానిక సంస్థల వాహన పన్ను వాటాను ప్రభుత్వం తీసుకుంది. పంచాయతీ నిధుల కోసం ఎదురుచూసే మన సర్పంచులకు ఈ బాధ విడమరచి చెప్పనక్కరలేదు.

విద్యార్థిని: ధన్యవాదాలండీ. మరి 2022లో ఆరు పార్టీలు కలిసినా ఎందుకు ఓడిపోయాయి?

జవాబు (అనంతపురం): ప్రతిపక్ష అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ప్రైమరీ పోటీలో గెలిచి ఉమ్మడి ప్రధాని అభ్యర్థి అయిన పేటర్ మార్కీ-జాయ్‌కు, ప్రచారంలో ప్రభుత్వ టెలివిజన్ ఇచ్చిన సమయం ఐదు నిమిషాలు. పల్లెల్లో ఆయన మాట చేరేదెలా? దానికి తోడు ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే, ప్రతిపక్షం గెలిస్తే దేశం యుద్ధంలోకి పోతుందనే ప్రచారం జోరుగా సాగింది. కూటమికి 34 శాతం ఓట్లు, 57 స్థానాలు వచ్చాయి. వామపక్షం నుంచి ఒకప్పటి తీవ్ర జాతీయవాద పార్టీ యోబిక్ వరకు కలిసిన ఆ జాబితాను జనం నమ్మలేదన్నది నా అభిప్రాయం. 2024లో ఫిదెస్ వర్గం నుంచే బయటకు వచ్చిన పీటర్ మాగ్యార్, పాత పార్టీలతో కలవకుండానే, తీసా పార్టీ తరఫున యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో దాదాపు 30 శాతం ఓట్లు, 7 స్థానాలు సాధించారు. పాత ప్రతిపక్షంలో సోషలిస్టులు, డెమోక్రటిక్ కొయలిషన్, పార్బెసేద్ కలిసి పోటీ చేసినా వారికి దక్కినవి రెండు స్థానాలే.