బెంగళూరులో పిల్లి మలానికి ట్రైట్రైకోమోనాస్ (విరేచనాలు తెప్పించే సూక్ష్మ పేగు పరాన్నజీవి) పీసీఆర్ (డీఎన్ఏ పరీక్ష) ఎక్కడ చేస్తారు?

మా పిల్లికి ఏడాదిన్నర, 3.2 కిలోలు. రెండు నెలలుగా విరేచనాలు. రోజుకు ఐదారుసార్లు కొద్దికొద్దిగా, పేడలా మెత్తగా, జిగురుతో. చివర్లో ఒక్కోసారి సన్నటి నెత్తుటి చార. కంపు భరించలేం. తిండి, ఆట మామూలే, బరువు తగ్గలేదు. పెద్దపేగు సమస్యే అనిపిస్తోంది.

ఫెన్‌బెండజోల్ (నులిపురుగుల మందు) కిలోకు 50 మి.గ్రా. చొప్పున 5 రోజులు వేశాం. మెట్రోనిడజోల్ (యాంటీబయాటిక్) వాడినన్నాళ్లూ కాస్త గట్టిపడింది, ఆపగానే మళ్లీ మొదలు. హైడ్రొలైజ్డ్ ప్రొటీన్ (అలర్జీ రాకుండా ప్రొటీన్‌ని చిన్న ముక్కలు చేసిన) తిండి ఒక్కటే పెట్టినా మార్పు లేదు. జియార్డియా (మరో పేగు పరాన్నజీవి) పరీక్ష నెగటివ్.

మామూలు మలపరీక్షలో ట్రైట్రైకోమోనాస్ తరచూ దొరకదు, కనబడినా జియార్డియా అనుకునే ప్రమాదముంది. అది తేలకుండా దాని మందు రోనిడజోల్ వేయడం నాకు సుతరామూ ఇష్టం లేదు; ఆ మందు నరాల మీద దెబ్బ కొట్టగలదు, పాపం చిన్న ప్రాణి.

లిట్టర్ గింజలు అంటని తాజా శాంపిల్ ఇవ్వగలం. మారతహళ్లి నుంచి అందుబాటులో ఈ పీసీఆర్ చేసే ల్యాబ్ ఏది?