మెల్‌బోర్న్‌లో నమ్మదగ్గ ఏజెంట్ ఎవరైనా ఉన్నారా?

ఫుట్‌స్క్రే (మెల్‌బోర్న్ శివారు) నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేము ఫిబ్రవరిలో వచ్చాం. నా భార్య ఇక్కడ మాస్టర్స్ చదువుతోంది, నేను డిపెండెంట్‌గా వచ్చి వేర్‌హౌస్‌లో పనిచేస్తున్నాను. మమ్మల్ని పంపింది హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ. వచ్చాక ఆ ఆఫీసు వాళ్లు ఫోన్ ఎత్తడం తగ్గించేశారు. ఇప్పుడు తెలిసినవాళ్ల ద్వారా ఇక్కడే ఇంకో ఏజెంట్ పరిచయమయ్యాడు. "యూనివర్సిటీ ఫీజు అనవసరం, కుకరీ డిప్లొమాలోకి మార్పిస్తాను, పీఆర్ (శాశ్వత నివాసం) గ్యారంటీ" అంటున్నాడు. మూడు వేల డాలర్లు అడ్వాన్స్ ఇమ్మంటున్నాడు. మరోపక్క ఇల్లు మారాలి, రెంటల్ ఏజెంట్లు మా అప్లికేషన్లకు జవాబు కూడా ఇవ్వడం లేదు. రెండింటితోనూ టెన్షన్‌గా ఉంది. మంచి ఏజెంట్ ఎవరైనా తెలిస్తే చెప్పండి.

టార్నీట్ నుంచి:

తమ్ముడూ, ముందు ఆ మూడు వేలు ఇవ్వకండి. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

"మంచి ఏజెంట్ ఎవరు" అని ఇక్కడ తరచూ అడుగుతుంటారు, పది పేర్లు వస్తాయి, ఒకరికి దేవుడైనవాడు ఇంకొకరికి దొంగ. మనిషి మంచితనం కన్నా ముందు చూడాల్సింది ఒకటుంది: అతనికి డబ్బు ఎవరు ఇస్తున్నారు? ఆ సంగతి తెలిస్తే అతను చెప్పే మాటల్లో ఏది ఎంత నమ్మాలో మనకే తెలుస్తుంది.

మీ హైదరాబాద్ కన్సల్టెన్సీనే తీసుకోండి. మీ దగ్గర సర్వీస్ చార్జి తీసుకోలేదు కదా? పంజాగుట్టలో అంత ఆఫీసు, అంతమంది స్టాఫ్, ఏసీ, టీ, అన్నీ ఎలా నడుస్తున్నాయి? మీ ఆవిడ ఫీజు కట్టాక యూనివర్సిటీ వాళ్లకు కమీషన్ ఇస్తుంది. అందులో తప్పేమీ లేదు, ఇక్కడి చట్టానికి తెలిసిన పద్ధతే. కాకపోతే తమకు ఒప్పందం ఉన్న యూనివర్సిటీలనే వాళ్లు చూపిస్తారు. మీరు చేరిపోయాక వాళ్ల పని అయిపోయినట్టే, అందుకే ఫోన్ ఎత్తడం లేదు. మా మరదల్ని పంపిన విజయవాడ కన్సల్టెన్సీ మాత్రం తన కోర్సుకు సరిపోయే ఇంకో యూనివర్సిటీ ఉందని, దానితో తమకు టైఅప్ లేదని, నేరుగా అప్లై చేసుకోమని వాళ్లే చెప్పారు. కమీషన్ పోతుందని తెలిసీ చెప్పారు. అలాంటివాళ్లు ఉన్నారు, లేరనను.

ఇక కుకరీ మనిషి సంగతి. ఇతనికి డబ్బు మీ దగ్గర్నుంచే, ఆ మూడు వేలు. మీరు కోర్సు మారితేనే అతనికి ఆదాయం. మారకుండా ఉండటమే మీకు మంచిదైతే ఆ మాట అతని నోట ఎందుకు వస్తుంది?

అతను మీకు చెప్పి ఉండని విషయాలు కొన్ని రాస్తాను. స్టూడెంట్ వీసాకు 8202 అని ఒక షరతు ఉంటుంది. ఏ స్థాయి కోర్సుకు వీసా ఇచ్చారో అదే స్థాయిలో గానీ, ఇంకా పై స్థాయిలో గానీ చదవాలి. మాస్టర్స్ ఇక్కడి లెక్కలో 9వ స్థాయి, డిప్లొమా 5వ స్థాయి. అంటే కిందికి దిగుతున్నారు, ఉన్న వీసా మీద దిగడానికి వీల్లేదు, ముందు కొత్త స్టూడెంట్ వీసా తెచ్చుకోవాలి. 2025 జూలై 1న దాని ఫీజు 2,000 డాలర్లు అయింది, అది మీ ఆవిడ ఒక్కరికే, డిపెండెంట్‌గా మీకు వేరే. మాస్టర్స్ వదిలి వంట ఎందుకు నేర్చుకుంటున్నారో 'జెన్యూన్ స్టూడెంట్' ప్రశ్నల్లో ఆఫీసర్‌ను ఒప్పించాలి. ఆవిడ బీటెక్ చేసిన మనిషైతే ఏం రాస్తారు చెప్పండి? అది కాక, ప్రధాన కోర్సు మొదలై ఆరు నెలలు కాకముందు వేరే చోటికి మారాలంటే ఇప్పుడున్న యూనివర్సిటీ విడుదల చేయాలి. ఇవన్నీ దాటినా, చెఫ్ లాంటి ట్రేడ్‌లో ఇక్కడ చదివినవాళ్ల స్కిల్స్ అసెస్‌మెంట్ (నైపుణ్యాన్ని తేల్చడం) టీఆర్‌ఏ అనే ప్రభుత్వ సంస్థ దగ్గర జాబ్ రెడీ ప్రోగ్రామ్ గుండా వెళుతుంది, అంటే నిజంగా కిచెన్‌లో నిలబడి పనిచేయాలి. వంట మీద ప్రేమ ఉన్నవాళ్లకు అది మంచి దారే. పీఆర్ కోసమే గరిటె పట్టినవాళ్లు సగంలో అలిసిపోవడం చూశాను.

గ్యారంటీ అన్నాడు కదా, ఆ ఒక్క మాట చాలు. ఈ దేశంలో డబ్బు తీసుకుని వీసా సలహా ఇవ్వాలంటే ఓమారాలో (మైగ్రేషన్ ఏజెంట్లను రిజిస్టర్ చేసే ప్రభుత్వ సంస్థ) రిజిస్టర్ అయి ఉండాలి, లేదా లాయర్ అయి ఉండాలి (2021 మార్చి నుంచి లాయర్లకు వేరే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు). రిజిస్టర్ అయినవాళ్లకు మార్న్ అని ఏడంకెల నంబరు ఉంటుంది. ఓమారా వెబ్‌సైట్‌లో పేరు కొడితే అర నిమిషంలో తేలిపోతుంది. వాళ్లకు ప్రవర్తనా నియమావళి ఉంది, ఫలితానికి హామీ ఇవ్వకూడదు, పని మొదలుపెట్టే ముందు ఫీజు ఎంతో రాతపూర్వకంగా ఒప్పందం ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ లేకుండా ఫీజు తీసుకుంటే జైలు దాకా వెళ్లే నేరం. అయితే ఇండియాలో కూర్చుని చేసేవాళ్లకు ఈ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అందుకే అక్కడ మోసపోయినవాళ్లు ఇక్కడ ఫిర్యాదు చేసినా పెద్దగా పని జరగదు.

ఒక చేదు అనుభవం కూడా చెప్పాలి. మా బంధువుల అబ్బాయి వీసా అప్లికేషన్‌లో, ఊళ్లో ఉన్న ఏజెంట్ తన ఆఫీసు ఈమెయిల్ పెట్టాడు. వీసాలు చూసే హోమ్ అఫైర్స్ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఇంకో కాగితం కావాలని 28 రోజుల గడువుతో ఉత్తరం పంపారు. ఆ ఉత్తరం ఆఫీసు ఇన్‌బాక్స్‌లో పండగ సెలవుల్లో పడి ఉంది. ఎవరూ చూడలేదు, వీసా రిజెక్ట్ అయింది. పిల్లాడికి రిజెక్ట్ అయిన సంగతి కూడా ఆలస్యంగా తెలిసింది. కాబట్టి ఎవరితో చేయించుకున్నా సరే, ఏజెంట్‌ను మీ తరఫున నియమించే ఫారం 956 మీద సంతకం పెడుతున్నారంటే మీ ఉత్తరాలు ఇకపై వాళ్లకు వెళ్తాయని అర్థం చేసుకోండి. అప్లికేషన్ నంబరు (టీఆర్‌ఎన్) అడిగి తీసుకుని మీ సొంత ఇమ్మీ అకౌంట్‌లోకి (డిపార్ట్‌మెంట్ ఆన్‌లైన్ వీసా ఖాతా) ఇంపోర్ట్ చేసుకోండి. అలా చేసుకోవచ్చని చాలామందికి తెలియదు, ఏజెంట్లు పనిగట్టుకుని చెప్పరు.

ఇల్లు విషయం. రెంటల్ ఏజెంట్ ఓనర్ మనిషి. అతనికి జీతం ఓనర్‌కు వచ్చే అద్దెలోంచే వస్తుంది. జవాబు ఇవ్వలేదని బాధపడి లాభం లేదు, అతనికి కావాల్సినట్టు ఫైల్ కట్టి ఇవ్వడమే. వేర్‌హౌస్ పే స్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్, పాస్‌పోర్ట్, ఇప్పుడున్న ఇంటివాళ్ల నుంచి రెఫరెన్స్, మీ ఇద్దరి గురించి నాలుగు లైన్ల పరిచయం, అన్నీ ముందే సిద్ధంగా పెట్టుకుని ఇన్‌స్పెక్షన్ చూసిన గంటలోపే అప్లై చేయండి. ఇల్లు చూపించకుండా, "నేను విదేశంలో ఉన్నాను, డిపాజిట్ పంపితే తాళం కొరియర్ చేస్తాను" అనేవాళ్లు ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో బోలెడు మంది, వాళ్ల జోలికి పోకండి.

బాండ్ (అద్దె ఇంటి డిపాజిట్) ఏజెంట్ జేబులో ఉండదు, ఆర్‌టీబీఏ అనే ప్రభుత్వ సంస్థ దగ్గర ఉంటుంది. కట్టిన పది పని దినాల్లో అక్కడ జమ చేయాలి, మీకు ఈమెయిల్ వస్తుంది. రాకపోతే అడగండి. వారం అద్దె 900 డాలర్ల లోపు ఇంటికి ఒక నెల అద్దె కన్నా ఎక్కువ బాండ్ అడగకూడదు. చేరిన ఐదు పని దినాల్లోపు కండిషన్ రిపోర్ట్ (ఇల్లు ఏ స్థితిలో ఉందో రాసే కాగితం) నింపి వెనక్కి ఇవ్వాలి. ఇది బద్ధకించొద్దు. కార్పెట్ మరకలు, గోడ గీతలు, ఓవెన్ లోపల, బ్లైండ్స్ తాళ్లు, అన్నిటికీ ఫొటోలు తీయండి. మేము ఒక ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఏజెంట్ కార్పెట్ మార్చాలని మా బాండ్‌లో పెద్ద మొత్తం కోయబోయాడు. చేరినప్పటి ఫొటో పంపాం, మళ్లీ మాట లేదు. ఏజెంట్ అలా వెనక్కి తగ్గకపోయినా ఏం ఫరవాలేదు, విక్టోరియాలో ఓనర్ ఒప్పుకోకపోయినా మీరే నేరుగా ఆర్‌టీబీఏకి బాండ్ కోసం అప్లై చేయొచ్చు. ఓనర్ 14 రోజుల్లో దాన్ని అడ్డుకుంటూ కేసు వేయకపోతే డబ్బు మీకు వచ్చేస్తుంది. ఆ తర్వాతి ఇంట్లో ఏజెంట్ అమ్మాయి మాత్రం బంగారం. చలికాలంలో హీటర్ పోతే ఓనర్‌కు ఫోన్ చేసి ఒప్పించి ఆ సాయంత్రమే మనిషిని పంపింది. ఓనర్ తరఫు మనిషే, అయినా పని తెలిసిన మనిషి.

పాయింట్ కుక్ నుంచి:

అక్క చెప్పినవన్నీ నిజమే గానీ, ఏజెంట్లంటే భయపెట్టేస్తున్నారేమో అనిపించింది. మా ఆయనకు ఇంతకుముందు అమెరికా వీసా రిజెక్ట్ అయింది. ఊళ్లో ఏజెంట్ "అది రాయక్కర్లేదు, వాళ్లకేం తెలుస్తుంది" అన్నాడు. ఇక్కడ రిజిస్టర్డ్ ఏజెంట్ దగ్గర ఒక గంట కన్సల్టేషన్‌కు డబ్బు కట్టి వెళ్లాం. ఆయన మొదటి మాటే "ఉన్నది ఉన్నట్టు రాయండి". దాస్తే 4020 అనే నిబంధన కింద మూడేళ్లు వీసా రాకుండా పోతుంది, ఒకరు చేసిన పనికి కుటుంబమంతా ఇరుక్కుంటుంది. తర్వాత ఆయనే, "మీ కేసు తిన్నగా ఉంది, స్కిల్‌సెలెక్ట్ అనే ప్రభుత్వ సైట్‌లో ఈఓఐ (వీసాకు ఆసక్తి తెలిపే ఫారం) వేయడానికి ఫీజు లేదు, మీరే వేసుకోండి, ఇన్విటేషన్ వచ్చాక అవసరమైతే రండి" అన్నారు. తన ఫీజు తనే పోగొట్టుకున్నారు. కేసులో మెలిక ఉంటే మాత్రం మంచి ఏజెంట్ ఫీజు దండగ కాదు. మెలిక లేకపోతే ఓపిక ఉన్నవాళ్లు ఎవరైనా చేసుకోవచ్చు.

ఇంకో మాట. "ఎక్స్‌పీరియన్స్ లెటర్ మేమే ఇప్పిస్తాం" అని అమీర్‌పేట నుంచి ఎవరైనా అంటే అది కూడా ఆ 4020 ఖాతాలోకే వస్తుంది.

జీలాంగ్ నుంచి:

కుకరీ ఆఫర్ కుదరకపోతే అతను తర్వాత తెచ్చేది స్పాన్సర్‌షిప్ బేరం, చూడండి. "రెస్టారెంట్ ఓనర్ తెలుసు, ఇన్ని వేలు కడితే స్పాన్సర్ చేస్తాడు" అంటాడు. స్పాన్సర్‌షిప్ కోసం డబ్బు ఇవ్వడం, తీసుకోవడం రెండూ 2015 డిసెంబర్ నుంచి చట్టవిరుద్ధం. మా దగ్గర ఒక కుర్రాడు కట్టాడు. జీతం బ్యాంకులో పడటం, అందులో సగం నగదుగా ఓనర్‌కు తిరిగి ఇవ్వడం. ఫిర్యాదు చేద్దామంటే తన వీసా పోతుందని భయం. ఓనర్‌కు కావాల్సింది ఆ భయమే.

ట్రుగనీనా నుంచి:

జూలై వస్తోంది కాబట్టి ట్యాక్స్ గురించి కూడా వినండి. "మా దగ్గర ఫైల్ చేస్తే పెద్ద రీఫండ్" అని వాట్సాప్‌లో తిరిగేవాళ్లు లేని ఖర్చులు రాసి రీఫండ్ పెంచుతారు, ఏటీఓ (పన్నుల శాఖ) అడిగితే జవాబు చెప్పాల్సింది మీరు. ట్యాక్స్ ప్రాక్టీషనర్స్ బోర్డు రిజిస్టర్‌లో పేరు చూడండి. ఒకే జీతం, ఒకే బ్యాంకు అకౌంట్ అయితే పన్నుల శాఖ వారి మైట్యాక్స్‌లో ఆన్‌లైన్‌లో మీరే ఉచితంగా చేసుకోవచ్చు, అక్టోబర్ 31 దాకా గడువు.

ఫుట్‌స్క్రే నుంచి:

అందరికీ చాలా థాంక్స్. ఓమారా సైట్‌లో వెతికాను, అతని పేరు లేదు. అడిగితే "మా బాస్‌కు ఉంది, నేను ఆయన కింద పనిచేస్తాను" అన్నాడు. డబ్బు ఇవ్వలేదు గానీ పాస్‌పోర్ట్ కాపీలు ఇచ్చాం, ఏదో కాగితం మీద నా భార్య సంతకం కూడా పెట్టింది. ఇప్పుడేం చేయాలి?

టార్నీట్ నుంచి:

కంగారు పడకండి. ఆ బాస్ నంబరు నిజమైనదే అయినా అది బాస్‌కే పనికొస్తుంది, మీకు సలహా ఇచ్చి డబ్బు అడిగిన ఇతనికి కాదు. రిజిస్టర్‌లో ఉన్న ఆఫీసు ఈమెయిల్ తీసుకుని బాస్‌కే నేరుగా రాయండి, ఈ మనిషి మీ తరఫున పనిచేస్తున్నాడా అని. బాస్‌కు ఆ పేరే తెలియకపోవచ్చు.

ఆ ఏజెంట్‌కు కూడా ఫోన్‌లో కాకుండా ఈమెయిల్‌లోనే, "మా తరఫున ఏ అప్లికేషనూ వేయవద్దు, ఏ కాలేజీకీ మా వివరాలు పంపవద్దు, సంతకం పెట్టిన కాగితం కాపీ పంపండి" అని రాయండి. తెలుగులో మాట్లాడుకున్నా ఈమెయిల్ ఇంగ్లిష్‌లో ఉంచండి, రేపు ఎవరికైనా చూపించాల్సి వస్తుంది. రేపే మీ ఆవిడ యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ స్టూడెంట్ సపోర్ట్ వాళ్లను కలిసి తన పేరు మీద విడుదల కోసం ఏదైనా అభ్యర్థన వచ్చిందేమో కనుక్కోమనండి. వచ్చి ఉంటే అక్కడికక్కడే రద్దు చేయించవచ్చు. వీవోలో (వీసా వివరాలు చూసుకునే డిపార్ట్‌మెంట్ సైట్) ఇద్దరి వీసా వివరాలు చూసుకుని పీడీఎఫ్ దాచుకోండి, ఉచితమే. ఇమ్మీ అకౌంట్ పాస్‌వర్డ్, యూనివర్సిటీ పాస్‌వర్డ్ ఆ ఏజెంట్‌కు తెలిసి ఉంటే ఇప్పుడే మార్చేయండి. సిటీలో స్టడీ మెల్‌బోర్న్ హబ్ ఉంది, స్టూడెంట్లకు ఇలాంటి విషయాల్లో ఉచితంగా సాయం చేస్తారు. అతని మీద ఫిర్యాదు చేయాలనుకుంటే డిపార్ట్‌మెంట్ వారి ఫిర్యాదుల సైట్ బోర్డర్ వాచ్‌లో పేరు చెప్పకుండా కూడా రాయొచ్చు. చేయాలా వద్దా అన్నది మీ ఇష్టం, పరిచయం చేసినవాళ్లతో మీకున్న మొహమాటం నాకు తెలియదు.

ఇంటికి అప్లికేషన్ పంపే ముందు ఫైల్ ఒకసారి నాకు మెసేజ్‌లో పంపండి, పాస్‌పోర్ట్ నంబర్లు కొట్టేసి. శనివారం లోపు చూసి చెప్తాను.