బాబుకి ఆర్‌పీఎస్19 జీన్‌లో లోపం అన్నారు, పెద్దపాపకి కూడా టెస్ట్ ఎందుకు?

బుజ్జిగాడి అమ్మ, ఖమ్మం

అందరికీ నమస్తే. మా బాబుకి తొమ్మిదో నెల. మూడో నెలలో పాలు తాగుతూనే అలిసిపోయి మధ్యలో వదిలేసేవాడు, అరచేతులు తెల్లగా పాలిపోయాయి. టెస్ట్ చేయిస్తే హిమోగ్లోబిన్ 3.8. ఐరన్ డ్రాప్స్ వేసినా ఏం లాభం లేకపోయింది. హైదరాబాద్‌లో బోన్ మ్యారో చూసి, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు బాగానే తయారవుతున్నాయి, ఎర్రకణాలకి మూలమైన కణాలే దాదాపు లేవన్నారు. జీన్ రిపోర్ట్‌లో ఆర్‌పీఎస్19 అని వచ్చింది. డైమండ్ బ్లాక్‌ఫాన్ ఎనీమియా అట. నెలనెలా రక్తం ఎక్కిస్తున్నాం.

మాది మేనరికం, అందుకే ఇలా అయిందని మా అత్తయ్య రోజూ కుమిలిపోతున్నారు. పెద్దపాప బోన్ మ్యారో బాబుకి పూర్తిగా మ్యాచ్ అయింది. అయినా డాక్టర్‌గారు దానికీ జీన్ టెస్ట్ చేయాల్సిందే అంటున్నారు. ఆడుతూ పాడుతూ తిరిగే పిల్లకి టెస్టులేంటని ఇంట్లో గొడవ. ఇంకో సందేహం, ఈ జీన్ ఒంట్లో అన్ని కణాల్లోనూ ఉంటుందట కదా, మరి ఎర్రరక్తమే ఎందుకు ఆగిపోయింది?

పాప నాన్న, విశాఖ

అమ్మా, ఎవరేమన్నా పెద్దపాపకి టెస్ట్ చేయించండి. మా పాపకీ ఇదే జీన్, ఇప్పుడు ఏడో తరగతి. పాపకి తేలాక మా అందరికీ చేస్తే అదే మార్పు నాలో బయటపడింది. నాకు ఎప్పుడూ రక్తం ఎక్కించింది లేదు, హిమోగ్లోబిన్ 13 ఉంటుంది. ఎర్రకణాల సైజు మాత్రం కాస్త పెద్దది, ఎంసీవీ 104. మా పెద్దబ్బాయి కూడా చెల్లికి ఫుల్ మ్యాచ్. వాడికీ ఆ మార్పు ఉందని రిపోర్ట్ వచ్చింది. పైకి రాయిలా ఉండే పిల్లాడు! టెస్ట్ లేకుండా వాడి మ్యారో ఎక్కించి ఉంటే, పాప ట్రాన్స్‌ప్లాంట్‌కి ముందు ఇచ్చే అంత కీమో పడి మళ్ళీ అదే లోపాన్ని తెచ్చుకునేది. మ్యాచింగ్ టెస్ట్ వేరు, జీన్ టెస్ట్ వేరు. మొదటిది రెండోదాని సంగతి చెప్పదు.

మా పాప స్టెరాయిడ్‌కి బాగా స్పందించింది, ఇప్పుడు రోజు విడిచి రోజు చిన్న డోసుతో నడుస్తోంది. ఎదుగుదల దెబ్బతింటుందని మొదటి పుట్టినరోజు దాటేదాకా డాక్టర్లు మొదలుపెట్టరు, తొందరపడకండి.

జెనెటిక్స్ ల్యాబ్ అక్క

ముందు మీ అత్తయ్యగారికి ఈ మాట చెప్పండి, ఇది మేనరికం వల్ల వచ్చింది కాదు. ప్రతి జీన్‌కీ తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి, రెండు కాపీలుంటాయి. మేనరికంలో భయపడేది రెండు కాపీలూ పాడైతే వచ్చే జబ్బులకి. దీనికి ఒక్క కాపీ పాడైతే చాలు. అది తల్లి నుంచో తండ్రి నుంచో రావచ్చు, బిడ్డలోనే కొత్తగా పుట్టనూ వచ్చు. సగానికి పైగా కేసులు కొత్తగా పుట్టినవే. మీ ఇద్దరిలో ఒకరికి ఉంటే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకి రావడానికి సగానికి సగం అవకాశం.

కణంలో ప్రొటీన్లు తయారుచేసేది రైబోజోమ్. దాని చిన్న భాగం కుదురుకోవడానికి ఆర్‌పీఎస్19 కావాలి. ఒక కాపీ పోతే కొత్త రైబోజోములు తగ్గుతాయి. ఇంటి వంటకి రెండు పొయ్యిలు చాలు, పెళ్ళి భోజనాలకి చాలవు. ఎర్రకణం కాబోయే కణం కొద్ది రోజుల్లో విపరీతంగా హిమోగ్లోబిన్ చేయాలి, అందుకే దానికే ముందు కొరత. ఆ కణాన్ని ఎర్రకణంగా మలిచే గాటా1 ప్రొటీన్ కూడా సరిగా తయారవదు. పైగా రైబోజోమ్‌లో చేరకుండా మిగిలిన ఆర్‌పీఎల్5, ఆర్‌పీఎల్11 ప్రొటీన్లు వెళ్ళి, దెబ్బతిన్న కణాన్ని ఆపే పీ53 ప్రొటీన్‌ని అదుపులో ఉంచే ఎండీఎమ్2ని పట్టేసుకుంటాయి. పీ53 పెరిగిపోయి కణం చచ్చిపోతుంది.

అలాగని మిగతా ఒళ్ళంతా క్షేమమని కాదు. కొందరు పిల్లల్లో బొటనవేలు, అంగిలి, గుండె, కిడ్నీ లోపాలుంటాయి. ఎకో, స్కాన్ చేయకపోతే అడగండి. ఈ జబ్బుకి మొదట దొరికిన జీన్ ఆర్‌పీఎస్19నే, 1999లో. నాలుగో వంతు రోగుల్లో ఇదే కారణం.

బుజ్జిగాడి అమ్మ

మేనరికం సంగతి అత్తయ్యకి చదివి వినిపించాను, పాప టెస్ట్‌కి ఒప్పుకున్నారు. నలుగురం శాంపిల్స్ ఇస్తాం. మా ఆయనది బాబు గ్రూపే, వచ్చేసారి తన రక్తమే ఎక్కించమంటున్నారు. ఎక్కించవచ్చా?

పాప నాన్న, విశాఖ

వద్దమ్మా. ట్రాన్స్‌ప్లాంట్ ఆలోచన ఉన్నప్పుడు దగ్గరి బంధువుల రక్తం ఎక్కించరు. బాబు ఒంట్లో ఆ కణాలకి వ్యతిరేకత పుడితే రేపు ఇంట్లోవాళ్ళ మ్యారో నిలవడం కష్టమవుతుంది. తెల్లకణాలు ఫిల్టర్ చేసిన బయటి డోనర్ బ్యాగే అడగండి. ప్రతి బ్యాగుతో ఇనుము కూడా లోపలికి చేరుతుంది, కాబట్టి ఐరన్ డ్రాప్స్ ఇంకా వేస్తుంటే ఆపమంటారేమో ఈ విజిట్‌లోనే కనుక్కుని, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చూపే ఫెర్రిటిన్ టెస్ట్ రాయించుకోండి.