మెడ వంచి తీసిన ఎంఆర్ఐలోనే జబ్బు బయటపడింది. మీలో ఎవరికైనా ఇలా అయిందా?

ఆదిలాబాద్_అమ్మ:
మా అబ్బాయికి 19 ఏళ్ళు, పాలిటెక్నిక్ ఆఖరి సంవత్సరం. పోయిన డిసెంబర్‌లో ఒకరోజు పొద్దున్నే "అమ్మా, చొక్కా గుండీలు పెట్టు, వేళ్ళు రావట్లేదు" అన్నాడు. మా దగ్గర చలి సంగతి తెలిసిందేగా, కొంకర్లు పోయాయనుకున్నా. ఎండెక్కితే మామూలుగానే రాసుకునేవాడు. సంక్రాంతికి వచ్చిన మా ఆడపడుచు చూసి, "వదినా, వీడి కుడి బొటనవేలి కింద కండ ఏమైంది?" అంది. రెండు చేతులూ పక్కపక్కన పెట్టించి చూస్తే నిజంగానే గుంట పడి ఉంది. నొప్పి లేదు, తిమ్మిరీ లేదు.

ఎముకల డాక్టరు మెడకి ఎంఆర్ఐ రాశారు. నార్మల్ అని రిపోర్టు వచ్చింది. సూదులు గుచ్చి చేసే నరాల పరీక్షలో మాత్రం తేడా ఉందన్నారు. ఒకచోట మోటార్ న్యూరాన్ జబ్బు (కండల్ని ఆడించే నరాల కణాలు ఒక్కొక్కటే చచ్చిపోయేది) కావచ్చన్నారు. ఆ రాత్రి దాని గురించి ఫోన్‌లో చదివి, తెల్లారేదాకా వాడి మంచం పక్కనే కూర్చున్నా. చివరికి హైదరాబాద్‌లో ఒక నరాల డాక్టరు వాడి చేతులు చూసి, మళ్ళీ ఎంఆర్ఐ రాశారు, ఈసారి మెడ వంచి తీయమని. హిరయామా జబ్బు అని తేలింది. తల వంగకుండా మెడకి కాలర్ పెట్టారు.

అదే మెడ, అదే రకం మెషీన్. మొదటిసారి ఎందుకు కనపడలేదు? కాలర్ ఎన్నాళ్ళు ఉంటుంది?

కాయిల్_బాబాయ్:
అమ్మా, నేను ఎంఆర్ఐ టెక్నీషియన్‌ని. 14 ఏళ్ళుగా ఇదే పని. మామూలుగా మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, మెడ తిన్నగా ఉంచి తీస్తాం. అలా ఉన్నప్పుడు మీ వాడి వెన్నుపాముకి ఏ ఇబ్బందీ లేదు. తల ముందుకు వంచితేనే కథంతా. వెన్నుపాము చుట్టూ సంచిలా డ్యూరా అనే పొర ఉంటుంది. ఈ జబ్బులో తల వంచగానే దాని వెనక భాగం ముందుకు జరిగి, మెడ కింది భాగంలో వెన్నుపామును ఎముకకేసి నొక్కుతుంది. చేతి కండల్ని ఆడించే నరాలు అక్కడినుంచే మొదలవుతాయి. పొర జరిగిన చోట వెనకాల సిరలు ఉబ్బుతాయి. కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇస్తే అవి నెలవంకలా తెల్లగా మెరుస్తాయి. తల ఎత్తితే అంతా మామూలే. తిన్నగా పడుకోబెట్టి వెతకడమంటే దొంగ ఊళ్ళో లేనప్పుడు సోదా చేసినట్టే.

ఇంకోమాట, తిట్టుకోవద్దు. చీటీ మీద "మెడ నొప్పి" అని ఉంటే మేం మెడ నొప్పి స్కానే తీస్తాం. వంచి తీయాలంటే తల కింద ఎత్తు పెట్టాలి, మామూలు కాయిల్‌లో (బొమ్మ రావడానికి మెడ చుట్టూ అమర్చే సామాను) ఆ మెడ సరిగ్గా ఇమడదు, వేరే కాయిల్ చుట్టాలి, మనిషి అలాగే కదలకుండా ఉండాలి. రద్దీగా ఉన్న రోజు మాకై మేం చెయ్యం. "చెయ్యి సన్నబడుతోంది" అని చీటీలో ఉంటే కనీసం ఫోన్ చేసి డాక్టర్ని అడుగుతాం.

బొటనవేలు_27:
అమ్మగారూ, నాకూ ఇదే. గుంటూరు. ఇంటర్‌లో మొదలైంది, నాకు ఎడమ చెయ్యి. ముందు ఒక మాట: ఇది మోటార్ న్యూరాన్ జబ్బులా ఒళ్ళంతా పాకుతూ పోయేది కాదు. ఎక్కువగా మగపిల్లలకే, పదిహేనుకీ పాతికకీ మధ్య వస్తుంది. కొన్నేళ్ళు పెరిగి చాలామందిలో దానంతటదే ఆగిపోతుంది. 1959లో జపాన్‌లో హిరయామా అనే డాక్టరు మొదట రాశారు. బెంగళూరు డాక్టర్లు 1984లో ఇలాంటి కేసుల్నే మోనోమెలిక్ ఎమయోట్రఫీ (ఒక్క చెయ్యో కాలో సన్నబడడం) అనే పేరుతో రాశారు. అంటే మన పిల్లలకి కొత్తగా పుట్టిన రోగమేం కాదు.

కాలర్ నేను రెండున్నరేళ్ళు పెట్టుకున్నా. పోయిన కండ పూర్తిగా తిరిగి రాలేదు, కానీ అక్కడితో ఆగింది. నన్నడిగితే కాలర్ కంటే కష్టం ఫోన్‌ది. కళ్ళ ఎత్తున పట్టుకోవాలి. బస్సులో అలా పట్టుకుంటే ముందు సీటాయన ఫోటో తీస్తున్నానని గొడవకొచ్చాడు.

లెక్కల_మాస్టారు:
అందరూ స్కాన్లని మెచ్చుకుంటున్నారు కాబట్టి నా గోడు కూడా వినండి. నాకు చెయ్యి లాగుతోందని మెడకి ఎంఆర్ఐ తీస్తే డిస్క్ బల్జ్ (ఎముకల మధ్య మెత్త ఉబ్బడం) అన్నారు. ఆపరేషన్‌కి తేదీ కూడా ఇచ్చారు. ఇంకో డాక్టరు నన్ను పరీక్ష చేసి, లాగుతున్నది మెడ నుంచి కాదు, భుజం కీలు బిగుసుకుపోయింది, మీకు షుగర్ ఉంది కదా అన్నారు. వ్యాయామంతో తగ్గింది. నా వయసువాళ్ళలో ఎవరి మెడ తీసినా ఏదో ఒకటి కనిపిస్తుందట. వాళ్ళబ్బాయికి ఉన్నది కనపడలేదు, నాకు కనపడ్డది జబ్బు కాదు. ఇక ఈ రిపోర్టులని ఎట్లా నమ్మేది?

కాయిల్_బాబాయ్:
మాస్టారూ, మీరన్నది నిజమే. అయినా రెండు చోట్లా తేల్చింది మెషీన్ కాదు కదా, చెయ్యి పట్టుకుని చూసిన డాక్టరు.

నిమ్మతోట:
నాది వేరే కథ గానీ ఇక్కడే చెప్తా. కాన్పయిన పదకొండో రోజు తలనొప్పి మొదలైంది. బాలింతవి, నిద్ర లేక అన్నారు ఇంట్లో. ఉల్లిపాయ పట్టీ వేశారు, దిష్టి తీశారు. వాంతులయ్యాక తలకి సీటీ తీశారు. అందులో ఏమీ లేదు. ఇంటికి పంపిస్తుండగా డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ "కాన్పు ఎప్పుడైంది?" అని అడిగింది. వినగానే సిరలు కనపడేలా ఎంఆర్ వీనోగ్రామ్ రాయించింది. మెదడు నుంచి రక్తాన్ని కిందకి తెచ్చే పెద్ద సిరలో గడ్డ కట్టి ఉంది. ఇది మామూలు సీటీలో కనపడకుండా తప్పించుకోగలదట. వెంటనే రక్తం పలచబడే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. పాపకి ఇప్పుడు నాలుగేళ్ళు. ఆ ఒక్క ప్రశ్న అడక్కపోతే ఏమయ్యేదో ఇప్పటికీ ఊహించుకోను.

మేనరికం_మనవరాలు:
మా పెద్దదానికి పన్నెండేళ్ళప్పుడు మాట ముద్దగా రావడం, చేతి రాత చెడిపోవడం. టీచరు బద్ధకం అన్నారు, మేమూ కొట్టాం (ఇది రాయడానికే సిగ్గుగా ఉంది). మెదడు ఎంఆర్ఐలో ఒకచోట పాండా ముఖంలా కనిపిస్తోందని రేడియాలజిస్టు రాసి, విల్సన్స్ జబ్బు చూడండి అని కింద చేర్చారు. ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు. అందరికీ ఆ పాండా కనపడదట, మాకు అదృష్టం. తర్వాత రక్తంలో సెరులోప్లాస్మిన్ (రాగిని మోసే ప్రోటీన్), 24 గంటల మూత్రంలో రాగి, కంటి నల్లగుడ్డు చుట్టూ రింగు, అన్నీ చూసి ఖాయం చేశారు.

నాది మేనమామ సంబంధం. తల్లీతండ్రీ ఇద్దరి వైపు నుంచీ లోపమున్న జీన్ వస్తేనే పిల్లలకి వచ్చే జబ్బు ఇది. అందుకని చిన్నవాడికి కూడా పరీక్షలు చేయించారు. వాడికీ ఉంది. ఏ లక్షణమూ రాకముందే మందులు మొదలుపెట్టాం. వాడికి ఎనిమిదేళ్ళు, అక్క మాత్రలు ఎందుకేసుకుంటోందో తెలుసు, తనవి ఎందుకో ఇంకా చెప్పలేదు.

ఆదిలాబాద్_అమ్మ:
అందరికీ దండాలు. బాబాయ్, మీరు చెప్పాక మొదటి స్కాన్ సీడీ కూడా పట్టుకెళ్ళి హైదరాబాద్‌లో చూపించా. తిన్నగా తీసిన దాంట్లోనే మెడ కింది భాగంలో వెన్నుపాము ఒకచోట కొంచెం సన్నగా ఉందట! ఏం వెతకాలో తెలిశాక కనిపించింది. కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఫిల్ములే చాలులే అని ఆ సీడీని పారేయబోయింది నేనే.

బొటనవేలు_27 బాబూ, ఇంకొకటి అడుగుతా. మా దగ్గర ఎండాకాలం ఎట్లుంటుందో తెలుసుగా. కాలర్ కింద చెమటకాయలు లేస్తున్నాయి. విప్పేస్తా అంటున్నాడు.

బొటనవేలు_27:
విప్పనివ్వకండి అమ్మగారూ. పాత కాటన్ లుంగీ చింపి, కాలర్ కంటే వేలెడు వెడల్పుగా పట్టీలు కుట్టండి. రోజుకి మూడు మార్చాలి. కొత్త గుడ్డ వద్దు, ఒరుసుకుంటుంది.