అంకుడు కర్ర పూలకూజా: లోపల తొలిచేటప్పుడు ఉలి అదురుతోంది

ప్రశ్న:
8 అంగుళాల ఎత్తు, 4 అంగుళాల వ్యాసం ఉన్న కూజా లేత్ (కర్రని తిప్పే యంత్రం) మీద చేస్తున్నాను. 4 అంగుళాల లోతు దాటాక ఉలి అదిరి గీతలు పడుతున్నాయి. బయటి ఆకారం, సన్నని అడుగుభాగం ముందే పూర్తయ్యాయి. ఎక్కడ తేడా?

జవాబు 1:
అడుగుభాగంలోనే అండీ. చక్ (లేత్‌లో కర్రని పట్టుకునే బిగింపు) వైపు కర్ర లావుగా ఉంటేనే బరువు ఆపుతుంది. అడుగు చివర్లో సన్నం చేయాలి. ముందు నడిమధ్యన 7 అంగుళాల లోతుకి డ్రిల్ వేయండి. తర్వాత మధ్య నుంచి అంచుకి తొలవండి, కూజా పొడవునా ఉన్న కర్ర పోగు అలాగే శుభ్రంగా తెగుతుంది. అంగుళం చొప్పున గోడని 6 మి.మీ.కి తెచ్చి కిందికి దిగండి. మళ్లీ పైకి రావద్దు, పలచబడిన గోడ వణుకుతుంది.

జవాబు 2:
పై మాట నిజం. ఇంకొకటి, అంత లోతుకి అర అంగుళం లావున్న ఉలి కడ్డీ చాలదు, ముప్పావు అంగుళంది కావాలి. పొట్టు లోపల కూరుకుపోతే ఉలి పట్టేస్తుంది. తరచూ లేత్ ఆపి తీసేయండి. వేగం నిమిషానికి 800 చుట్లు చాలు.

జవాబు 3:
కర్ర పచ్చిదైతే గోడ 10 మి.మీ. ఉంచి, నీడలో ఆరాకే తుదిరూపు ఇవ్వండి, లేకపోతే పగులుతుంది. ఏటికొప్పాక పద్ధతిలో రంగు కావాలంటే కూజాని లేత్ నుంచి విడదీయకముందే తిరుగుతుండగా రంగు లక్క కడ్డీ ఆనించాలి. రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. మొగలి ఆకుతో నొక్కి పట్టండి, మెరుపు వస్తుంది.