ఈ ఉప్పునీరు ఎక్కడిది? క్లోరైడ్, బ్రోమైడ్ లెక్క

ప్రశ్న: 900 మీటర్ల లోతు బోరు నీటిలో లీటరుకు క్లోరైడ్ 1,80,000 మి.గ్రా., బ్రోమైడ్ 60 మి.గ్రా. తేలాయి. ఇది రాతి ఉప్పు కరిగిన నీరా, సముద్రజలం ఆవిరైపోగా మిగిలిన ద్రవమా?

జవాబు 1: క్లోరైడ్‌ను బ్రోమైడ్‌తో భాగిస్తే నిష్పత్తి 3,000. సముద్రపు నీటిలో సుమారు 290 అండి. ఉప్పు స్ఫటికం కట్టేటప్పుడు బ్రోమైడ్‌ను చాలావరకు బయటే వదిలేస్తుంది. అందుకే మిగులు ద్రవంలో నిష్పత్తి 290 కంటే దిగుతుంది, ఆ ఉప్పు మళ్లీ కరిగితే వేలల్లోకి ఎక్కుతుంది. మీది కరిగిన ఉప్పే.

జవాబు 2: సోడియం కూడా చూడండి. మోల్స్‌లో (బరువులో కాదు, కణాల సంఖ్య లెక్కలో) సోడియం, క్లోరైడ్ నిష్పత్తి 1 దగ్గరుంటే అది కరిగిన ఉప్పేనని అనుమానం తీరినట్టే. సముద్రజలంలో 0.86.

జవాబు 3: ముందు ఆ బ్రోమైడ్ 60 సరైనదేనా? అయాన్ క్రోమటోగ్రఫీలో (నీటిలోని అయాన్లను వేరుచేసి, ఒక్కోదాన్ని గ్రాఫులో శిఖరంగా చూపే పరీక్ష) ఇంత క్లోరైడ్ ఉంటే దాని శిఖరం తోక పక్కనున్న బ్రోమైడ్ మీద పడుతుంది. పైగా సీసా చల్లారినా, కాస్త ఆవిరైనా అడుగున తెల్లటి ఉప్పు గింజలు పేరుకుంటాయి. క్లోరైడ్ తగ్గుతుంది, బ్రోమైడ్ పైనే ఉండిపోతుంది. బోరు దగ్గరే 10 రెట్లు పలచన చేయండి, అదీ తూకంతో. సాంద్రత 1.2 దాకా ఉండే ద్రవం కదా, లీటరు లెక్కను కిలో లెక్కతో కలిపితే 20 శాతం తప్పు.