88 మ్యాజిక్ సంఖ్యేనా? మార్కు వేయాలా, వద్దా?

గంటస్తంభం (విజయనగరం):
ఇంటర్ పిల్లల సైన్సు క్విజ్ పేపర్లు దిద్దుతున్నాను. "మ్యాజిక్ సంఖ్యకు ఒక ఉదాహరణ రాయండి" అన్నది ప్రశ్న. పరమాణు కేంద్రకంలో ప్రోటాన్లు గానీ న్యూట్రాన్లు గానీ 2, 8, 20, 28, 50, 82 ఉంటే, లేదా న్యూట్రాన్లు 126 ఉంటే, ఆ కేంద్రకం ఇరుగుపొరుగు కంటే గట్టిగా ఉంటుంది. ఒక అమ్మాయి 88 అని రాసి, పక్కన "175 సీట్లకు మెజారిటీ" అని వివరణ కూడా ఇచ్చింది. సున్నా వేశాను. తోటి లెక్చరర్ ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

నాగావళి (శ్రీకాకుళం):
మార్కు వేయాల్సిందే. ప్రశ్నలో కేంద్రకం అన్న మాటే లేదు కదా! ఓట్ల లెక్కింపు రోజున మన ఇళ్లలో మ్యాజిక్ ఫిగర్ అంటే ఇంకేమిటి? తప్పు ప్రశ్న రాసినవారిది.

రణస్థలం మాస్టారు:
సైన్సు క్విజ్‌లో అసెంబ్లీ ఎందుకు వస్తుందండీ? పైగా ఈ రెండింటి అర్థాలు ఎదురెదురు. 88 ఒక గడప. దాటాక 89 వచ్చినా 150 వచ్చినా మేలే. కేంద్రకంలో 50 అంటే నిండిన బంతి. పెళ్లి భోజనాల్లో బంతి నిండాక వచ్చినవాడు కొత్త బంతిలో ఒంటరిగా కూర్చుంటాడు చూడండి, 51వ కణం పరిస్థితి అదే, దాని పట్టు వదులు.

మామూలు లెక్కన బంతులు 2, 8, 20 తర్వాత 40, 70 దగ్గర నిండాలి. ప్రయోగాల్లో మాత్రం 28, 50, 82 కనిపించాయి. కణం తన చుట్టూ తాను తిరిగే దిశ, కక్ష్యలో తిరిగే దిశ ఒకటైతే దాని శక్తి తగ్గి కింది బంతిలోకి జారుతుందని 1949లో మరియా గెప్పర్ట్ మేయర్, విడిగా జర్మనీలో యెన్సెన్ బృందం తేల్చారు. ఇద్దరికీ 1963లో నోబెల్ వచ్చింది. 50 ప్రోటాన్ల తగరానికి పది స్థిర ఐసోటోపులున్నాయి (ప్రోటాన్లు అన్నే ఉండి న్యూట్రాన్ల సంఖ్య మారే రూపాలు), మరే మూలకానికీ అన్ని లేవు. అంత దూరం ఎందుకు, మన భావనపాడు తీరపు ఇసుకలోని మోనజైట్ అనే ఖనిజంలో థోరియం ఉంది. అది విఘటనం చెందుతూ చెందుతూ చివరికి సీసం-208 దగ్గర ఆగుతుంది. 82 ప్రోటాన్లు, 126 న్యూట్రాన్లు, రెండు బంతులూ నిండినవే.

బొబ్బిలి వీణ:
బంతి పోలిక బాగుంది మాస్టారూ, కానీ ఆ సంఖ్యలు శిలాశాసనాలు కావు. న్యూట్రాన్లు మరీ ఎక్కువైన కేంద్రకాల్లో లెక్క మారిపోతుంది. మెగ్నీషియం-32లో 20 న్యూట్రాన్లున్నా ఆ గట్టితనం లేదు. ఆక్సిజన్-24లో 16 మ్యాజిక్‌గా పనిచేస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 294 స్థానాలకు 148 కావాలి, ఇప్పుడు 175కు 88 చాలు. సభను బట్టి సంఖ్య. ఆ అమ్మాయి ఈ పోలిక ఊహించి ఉండదు గానీ, మీరన్నంత ఎదురెదురు అర్థాలేమీ కావు.

రణస్థలం మాస్టారు:
సంఖ్య మారుతుందంటే ఒప్పుకుంటాను. మారినా అది నిండిన బంతే అవుతుంది, గడప కాదు. సున్నాయే.

గంటస్తంభం:
ఒక సంగతి ఇప్పుడే తట్టింది. 88 ప్రోటాన్లున్న మూలకం రేడియం. దాని ఐసోటోపుల్లో ఒక్కటీ స్థిరమైనది కాదు.

నాగావళి:
సరిగ్గా 88 మందితో నడిచే ప్రభుత్వం మాత్రం స్థిరంగా ఉంటుందా ఏమిటి? అర మార్కయినా వేయండి సార్.